కాడ్ చేప పోయిన ఊళ్ళలో, అత్తయ్య గారితో

జూలై 5, శుక్రవారం: సెయింట్ జాన్స్

అత్తయ్య గారు సమ్మర్‌కి టొరంటో వచ్చారు. నయాగరా అయింది, థౌజండ్ ఐలాండ్స్ అయింది, సీఎన్ టవర్ ఎక్కి దిగడం కూడా అయింది, ఆ తర్వాత ఓ రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ "ఇంక అద్దాల మేడలు వద్దమ్మా, ఎక్కడైనా సముద్రం ఉంటే చూపించండి" అన్నారు. ఆవిడ పుట్టిల్లు కాకినాడ పక్కన ఉప్పాడ, వాళ్ళ నాన్నగారికి పడవలుండేవి, తమ్ముడు ఇప్పటికీ బోటు నడుపుతున్నాడు, కాబట్టి లేక్ ఒంటారియో చూపించి ఇదే సముద్రం అంటే ఊరుకునే మనిషి కాదు. సరిగ్గా అప్పుడే, 2024 జూన్ 26న, కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో కాడ్ చేప వేట మీద 1992 నుంచి ఉన్న మారటోరియం, అంటే నిషేధం, ఎత్తేస్తున్నాం అని కెనడా ప్రభుత్వం ప్రకటించింది. మా ఆయన ఆ వార్త చదివి వినిపిస్తే ఆవిడ కప్పు కింద పెట్టేసి "మనకి ఏడాదికి 61 రోజులు వేట ఆపితేనే ఇల్లు గడవదు కదరా, 32 ఏళ్ళు ఆపితే ఆ జనం ఏం తిన్నార్రా?" అన్నారు. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఇదిగో, అలా బయల్దేరాం.

దిగగానే గడియారం గంటన్నర ముందుకి తిప్పుకోవాలి. న్యూఫౌండ్‌లాండ్ వాళ్ళు కూడా మనలాగే అరగంట తేడా పెట్టుకున్నారు, ఎండాకాలంలో ఇండియాకీ వీళ్ళకీ సరిగ్గా 8 గంటలు, తమ్ముడికి ఫోన్ చెయ్యాలంటే లెక్కలక్కర్లేదని అత్తయ్య గారికి ఈ ఊరు అక్కడే నచ్చేసింది.

సిగ్నల్ హిల్ ఎక్కాం కానీ పొగమంచులో ఏమీ కనపడలేదు, గాలికి చీర మీద వేసుకున్న స్వెటర్, దాని మీద జాకెట్, దాని మీద నా స్కార్ఫ్ కూడా చాల్లేదు ఆవిడకి. కిందకి దిగొచ్చి ఫిష్ అండ్ చిప్స్ తిన్నాం, ప్లేటు 20 డాలర్ల దరిదాపుల్లో పడింది, ఇక్కడ చిప్స్ మీద డ్రెస్సింగ్ అని మసాలా ఆకు కలిపిన బ్రెడ్ పొడి, దాని మీద గ్రేవీ పోసిస్తారు. మా ఆయనకి తెగ నచ్చింది. అత్తయ్య గారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారం డబ్బా తీసి చల్లుకుని ఓ ముక్క నమిలి, "చేప మంచిదే, వీళ్ళకి వండటం రాదు పాపం" అని తేల్చేశారు. బిల్లు తెచ్చినావిడ మా ఆయన్ని "మై లవ్" అని పిలిచింది, అత్తయ్య గారు నా మొహం వంక చూశారు. ఇక్కడ అందర్నీ అలాగే పిలుస్తారండీ అని చెప్పాను, నన్ను కూడా పిలిచేదాకా నమ్మలేదు.

జూలై 6, శనివారం: పెటీ హార్బర్, మిడిల్ కోవ్

సెయింట్ జాన్స్ నుంచి ఇరవై నిమిషాలు, రెండు కొండల మధ్య ఇరుక్కున్న చిన్న రేవు. వేసవిలో శని, ఆది, సోమవారాలు మామూలు జనం కూడా తిండికి కాడ్ పట్టుకోవచ్చు, మనిషికి రోజుకి 5 చేపలు, పడవలో ముగ్గురున్నా ఆరుగురున్నా మొత్తం 15కి మించకూడదు. ఫుడ్ ఫిషరీ అంటారు. మేం వెళ్ళేసరికి రేవంతా పండగ వాతావరణం, చిన్నా పెద్దా అందరూ రబ్బరు బూట్లలో ఉన్నారు.

రేవు పక్కనే చెక్క బల్ల మీద ఓ పెద్దాయన చేపలు కోస్తున్నాడు. అత్తయ్య గారు పోయి సరిగ్గా ఆయన మోచేతి పక్కన నిలబడ్డారు. ఆయన కత్తి గొంతు కింద అడ్డంగా ఓసారి, పొట్ట కింద నిలువుగా ఓసారి, లివర్ ఓ బకెట్లోకి, తల బల్ల అంచుకి ఆనించి ఒక్క నొక్కు, టక్కుమని ఊడి కింద పడుతుంది, ఆ తర్వాత తోక దగ్గర మొదలుపెట్టి వెన్నుముల్లుని ఆనుకుంటూ కత్తి జరిపితే తెల్లటి పలక ఒకటి లేచొస్తుంది. ఒక్కో చేపకి నిమిషం కూడా పట్టట్లేదు. పక్కన పదేళ్ళ పిల్లాడు పారేసిన తలల్లోంచి నాలుకలు కోసుకుంటున్నాడు, అవి అమ్ముకుని పాకెట్ మనీ చేసుకోవడం ఇక్కడి పిల్లలకి తాతల నాటి అలవాటట. "ఆ తలలు పులుసు పెట్టుకోరా?" అని ఆవిడ తెలుగులోనే అడిగారు, నేను ఇంగ్లీషులో చెప్పా, పెద్దాయన నవ్వి మా అమ్మ పెట్టేది, ఇప్పటి పిల్లలు తినట్లేదు అన్నాడు. మన దగ్గరా అంతే అని ఆవిడ తలూపారు.

ఆయన 92లో ముప్పై దాటినవాడు. మొదట్లో వారానికి 225 డాలర్లు ఇస్తామన్నారట, జనం గొడవ చేసి తలుపులు బాదితే దాన్ని మనిషిని బట్టి 406 వరకు పెంచారట. రెండేళ్ళలో చేప తిరిగొస్తుంది, అప్పటిదాకా ఓపిక పట్టండి అన్నారు. ఆ రెండేళ్ళే 32 అయ్యాయి. ఇప్పుడు ఎత్తేశారుగా, సంతోషమేనా అని మా ఆయన అడిగాడు, ఆయన కత్తి పక్కన పెట్టి మరీ మాట్లాడాడు. ఈ ఏడాది మొత్తం కోటా 18 వేల టన్నులు, అందులో దూరం వెళ్ళే పెద్ద ట్రాలర్లకీ, విదేశీ ఓడలకీ మళ్ళీ వాటా ఇచ్చారు, కోటా పెరిగినప్పుడు మొదటి 1,15,000 టన్నులు తీరం దగ్గర వేటాడే చిన్న పడవలకీ, ఆదివాసీలకే అని ఎప్పట్నుంచో ఉన్న మాట ఏమైంది అని ఆయన కోపం. అందరి మాటా అదే, జాలర్ల యూనియన్ కూడా అదే అంటోంది. అసలు ఈ ఊళ్ళో 1960ల నుంచే గిల్ నెట్లు, అంటే చేప మొప్పలు చిక్కుకునే వలలు, కూడా వాడనివ్వరు, గేలమే. మేం జాగ్రత్తగా పట్టుకుంటూ కూర్చున్నాం, బయట వాళ్ళు ఊడ్చేశారు అన్నాడు. ఊడ్చేశారన్నది నిజమే, 1968లో ఒక్క ఏడాదిలో 8 లక్షల టన్నులు పైగా పట్టారు, ఎక్కువ భాగం విదేశీ ఫ్యాక్టరీ ఓడలు. 1977లో 200 మైళ్ళ హద్దు గీసి వాళ్ళని తరిమాక కెనడా సొంత ట్రాలర్లు అదే పని చేశాయి. చేప చిన్నదైపోతోంది బాబూ అని 80లలో తీరం వాళ్ళు మొత్తుకుంటే లెక్కలు బాగానే ఉన్నాయన్నారు, ఆ లెక్కలే తప్పు.

ఊళ్ళో మినీ అక్వేరియం ఒకటి ఉంది, 2013లో పెట్టారు, వేసవిలో రేవు చుట్టుపక్కల పట్టిన పీతలూ నక్షత్ర చేపలూ చూపించి సీజన్ అయ్యాక మళ్ళీ సముద్రంలో వదిలేస్తారు. పిల్లలుంటే తప్పకుండా వెళ్ళండి.

సాయంత్రం ఎవరో మిడిల్ కోవ్‌లో కేపలిన్ దొర్లుతోందట అన్నారు, పరిగెత్తాం. జానెడు పొడవు వెండి చేపలు, గుడ్లు పెట్టడానికి కెరటంతో పాటు గులకరాళ్ళ మీదకి వచ్చి పడతాయి. జనం బకెట్లు, చేతివలలు, చివరికి కూరగాయల జల్లెడ కూడా తెచ్చుకున్నారు. అత్తయ్య గారు నా చేతికి చెప్పులిచ్చి, కుచ్చిళ్ళు ఎగ్గట్టి దిగిపోయారు. నీళ్ళు ఐసులా ఉన్నాయి, అయినా వెనక్కి రాలేదు, పక్కనున్న ఓ ముసలాయన ఆవిడకి తన బకెట్టే ఇచ్చేశాడు. రాత్రి రూమ్ కిచెన్‌లో పసుపు, ఉప్పు, కారం పట్టించి వేయిస్తే స్మోక్ అలారం మోగింది, మా ఆయన టవల్ ఊపుతూ దాని కింద నిలబడ్డాడు, మేమిద్దరం తిన్నాం. ఈ చేపే కాడ్‌కి తిండి, తిమింగలాలకీ ఇదే. దీన్ని ఇప్పటికీ కమర్షియల్‌గా పడుతున్నారు, గుడ్ల కోసం జపాన్‌కి పంపుతారు. కాడ్ తిరిగి పెరగాలంటూ దాని నోటి దగ్గర తిండి తీసేయడం ఏం తెలివో నాకర్థం కాలేదు.

జూలై 7, ఆదివారం: బే బుల్స్

1992 జూలై 1న, కెనడా డే రోజు, అప్పటి ఫిషరీస్ మంత్రి జాన్ క్రాస్బీని జాలర్లు నిలదీసింది ఈ ఊళ్ళోనే, సముద్రంలోంచి చేపల్ని తీసుకెళ్ళింది నేను కాదు అని ఆయన తిట్టు కలిపి మరీ అరిచాడు. మర్నాడే సెయింట్ జాన్స్ హోటల్లో వేట నిషేధం ప్రకటన. దాంతో ఆ ఒక్క ప్రావిన్స్‌లోనే సుమారు 30 వేల మంది పని పోయింది, కెనడా చరిత్రలో ఒకేసారి అంతమందిని ఇంటికి పంపడం అదే మొదలంటారు.

అదే రేవులో ఇప్పుడు టూర్ బోట్లు. తలకి 90 డాలర్ల పైన పడింది, కొంచెం మంటేసింది కానీ విట్లెస్ బే దీవుల దగ్గర పఫిన్ పక్షుల్ని చూశాక మర్చిపోయాం, ఎర్ర ముక్కు, బొద్దు పొట్ట, ఎగరడం వచ్చీ రానట్టు ఎగురుతాయి, కొన్ని లక్షలున్నాయి. హంప్‌బ్యాక్ తిమింగలం ఒకటి బోటు పక్కనే లేచింది. బోటు నడిపేది మాజీ జాలరి, మైకులో జోకులేస్తాడు, పాట పాడతాడు, మొత్తం సరదా మనిషి. దిగేటప్పుడు అత్తయ్య గారు అడగమన్నారని అడిగాను, ఇది బావుందా, అది బావుందా అని. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇది బావుంటుంది అన్నాడు. మిగతా ఎనిమిది నెలల సంగతి చెప్పలేదు, మేమూ అడగలేదు.

మధ్యాహ్నం ఇక్కడి ఆదివారం భోజనం జిగ్స్ డిన్నర్ తిన్నాం, క్యాబేజీ, క్యారెట్, టర్నిప్, బంగాళాదుంప అన్నీ ఉడకబెట్టి పెడతారు. పక్కన పచ్చటి ముద్ద ఒకటి చూసి అత్తయ్య గారి మొహం వెలిగిపోయింది, పసుపు బఠాణీ పప్పు గుడ్డలో మూటకట్టి ఉడికిస్తారు, అచ్చం మన ముద్దపప్పు. నెయ్యుంటే బావుండేది అంటూ రెండు స్పూన్లు తిన్నాక, అది ఉప్పు గొడ్డుమాంసం ఉడికే గిన్నెలోనే ఉడుకుతుందని తెలిసింది. స్పూన్ పక్కన పెట్టి, టీ చెప్పమన్నారు. ఆ రాత్రి దాకా నాతో మాట్లాడలేదు.

జూలై 8, 9: ట్రినిటీ, పోర్ట్ యూనియన్, బొనావిస్టా

మూడు గంటలు పట్టాల్సిన దారి అయిదయింది. కారణం ఫోన్. ట్రినిటీ అని కొడితే అది సుబ్బరంగా తీసుకెళ్తోంది, క్లారెన్‌విల్ దాటి పోర్ట్ బ్లాండ్‌ఫోర్డ్ దాకా వెళ్ళాక పెట్రోల్ బంకులో ఒకామెని అడిగితే, మై డక్కీ, మీకు కావల్సింది ట్రినిటీ బేలో ట్రినిటీ, మీరు పోతున్నది బొనావిస్టా బేలో ట్రినిటీకి అంది. పేరు పెట్టడానికి ఇంత సముద్రంలో ఇంకేం దొరకలేదా వీళ్ళకి. 233 రోడ్డు పట్టుకోండి, దుప్పి కనపడితే హారన్ కొట్టకుండా ఆగండి అని కాగితం మీద గీసిచ్చింది, కాఫీకి డబ్బులు తీసుకోలేదు.

ట్రినిటీ చూడ్డానికి బొమ్మల ఊరు, ఒక్క ఇంటికి కూడా రంగు తేడాగా లేదు. కాడ్ వేట ఆపేశాక 1993లో ఇక్కడి థియేటర్ వాళ్ళు వీధినాటకం మొదలుపెట్టారు, ఊరి చరిత్రని ఊళ్ళోనే నడుస్తూ ఆడతారు, ఇప్పటికీ నడుస్తోంది, దాని చుట్టూ గదులూ హోటళ్ళూ పుట్టాయి. మంచిదే. కానీ సాయంత్రం వీధుల్లో నడిస్తే సగం ఇళ్ళు వేసవికి వచ్చేవాళ్ళవి, బళ్ళన్నీ బయటి నంబర్లే.

నాకు ఎక్కువ గుర్తుండిపోయింది పోర్ట్ యూనియన్. ఇక్కడ పాతకాలంలో షావుకారు వసంతంలో అప్పు మీద వలలూ పిండీ బెల్లపు పాకం ఇచ్చేవాడు, శరదృతువులో ఎండబెట్టిన చేపంతా అతనికే పొయ్యాలి, ధర అతను చెప్పిందే, చేతికి డబ్బు కనపడేది కాదు. మ్యూజియంలో ఇది చదివి వినిపిస్తుంటే అత్తయ్య గారు మధ్యలోనే ఆపి "ఇది మాకు చెప్పక్కర్లేదమ్మా" అన్నారు. వాళ్ళ తమ్ముడు ఇప్పటికీ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకునే వేటకి వెళ్తాడు, వంజరం పడ్డా రొయ్య పడ్డా ఆ కాటాకే వెయ్యాలి. ఇక్కడ విలియం కోకర్ అనే ఆయన 1908లో జాలర్ల యూనియన్ పెట్టి, షావుకార్లని వదిలించుకోవడానికి సొంత దుకాణాలు, సొంత ఎగుమతి, సొంత పేపరు, చివరికి ఈ ఊరే కట్టించాడు. ఉత్తర అమెరికాలో యూనియన్ కట్టిన ఊరు ఇదొక్కటే అంటారు. తర్వాత చేపల ప్లాంటు కంపెనీ చేతికి పోయింది, కాడ్ పోయాక రొయ్యలతో నడిపారు, 2010లో ఇగోర్ తుఫాను దెబ్బ కొట్టాక మళ్ళీ తెరవలేదు. ఖాళీ షెడ్డు ముందు కారాపి థర్మాస్‌లో టీ తాగాం. గాలి తప్ప ఏమీ లేదు.

బొనావిస్టాలో మా బీ అండ్ బీ ఓనరమ్మ క్రాబ్ ప్లాంటులో పని చేస్తుంది. పొద్దున్న టౌటన్లు పెట్టింది, బ్రెడ్ పిండిని పెనం మీద వేయించి పైన మొలాసిస్ పోస్తారు, అత్తయ్య గారు మూడు తిన్నారు. ఆ వంటింట్లో నేను విన్నది ఏ మ్యూజియంలోనూ లేదు. పరిహారం డబ్బు 94 దాకా ఒక స్కీము, ఆ తర్వాత టాగ్స్ అని ఇంకోటి, 190 కోట్ల డాలర్లు, 98లో డబ్బైపోయి గడువుకి ముందే ఆపేశారు. డబ్బు కావాలంటే ట్రైనింగ్‌కి వెళ్ళాలి. పదిహేనేళ్ళకే బడి మానేసి పడవెక్కిన మనుషుల్ని క్లాసు రూముల్లో కూర్చోబెట్టారు, అందరికీ హెయిర్ కటింగ్ నేర్పారు, కత్తిరించడానికి తలలే మిగల్లేదు అని ఆవిడ నవ్వింది. ఇక్కడ అందరూ చెప్పుకునే జోకేనట. వాళ్ళాయన డీజిల్ మెకానిక్ కోర్సు చేసి అల్బెర్టా ఆయిల్ సాండ్స్‌కి వెళ్ళాడు, కొన్ని వారాలు అక్కడ, కొన్ని వారాలు ఇక్కడ, అలా పిల్లలు పెద్దాళ్ళైపోయారు. వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు అదృష్టవంతులు, 1992లో 5 లక్షల 80 వేలున్న ప్రావిన్స్ జనాభా పదిహేనేళ్ళలో 5 లక్షల పైచిలుక్కి పడిపోయింది.

మరి ఉన్నవాళ్ళని నిలబెట్టింది? పీత. కాడ్ పోయాక సముద్రంలో స్నో క్రాబ్, రొయ్య బాగా పెరిగాయి, వాటిని తినే చేప లేదు కదా. వాటి విలువ కాడ్ రోజుల్ని మించిపోయింది. కాకపోతే పీతకి తక్కువ మంది చాలు, లైసెన్సున్నవాడు బాగుపడ్డాడు, లేనివాడు ప్లాంటులో కొన్ని వారాలు నిలబడి, కావల్సిన పని గంటలు పూర్తి చేసుకుని, చలికాలమంతా ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ అనే నిరుద్యోగ భృతి మీద బతుకుతాడు. వాళ్ళ భాషలో స్టాంపులు సంపాదించుకోవడం. 2022లో పీత పౌను 7 డాలర్ల పైన పలికింది, మరుసటి ఏడాది 2.20కి పడితే పడవలు కట్టేసి కూర్చున్నారు. ఈ మార్చిలో బయటి కొనుగోలుదారులకి అమ్ముకోనివ్వండని అసెంబ్లీ భవనం ముందు అడ్డం పడి బడ్జెట్టే ఓ రోజు వాయిదా వేయించారు. ఒక చేప మీద బతికిన వాళ్ళు ఇప్పుడు ఒక పీత మీద బతుకుతున్నారు, అంతే తేడా అంది ఆ ఓనరమ్మ, ప్లేట్లు తీస్తూ.

బొనావిస్టాలో కొత్త దుకాణాలు కూడా ఉన్నాయి, సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు తీసే న్యూఫౌండ్‌లాండ్ సాల్ట్ కంపెనీ వాళ్ళ చిన్న డబ్బా కొన్నాం. ఉప్పుకి ఇంత రేటా అని అత్తయ్య గారు దారంతా సణిగారు.

జూలై 10 నుంచి 12: ఫోగో ఐలండ్

ఫేర్‌వెల్ అనే చోట ఫెర్రీ. బుకింగ్ లేదు, ముందొచ్చినవాడు ముందు, మేం రెండో ఫెర్రీలో పడ్డాం. కారుతో సహా అందరికీ కలిపి 50 డాలర్లు కూడా కాలేదు. లైన్లో అందరూ బళ్ళు దిగి కబుర్లు మొదలెట్టారు, చీర చూసి ఇద్దరు ముగ్గురు వచ్చి ఆవిడకి స్నాక్స్ ఇచ్చి వెళ్ళారు.

ఫోగో అంటే అందరికీ గుర్తొచ్చేది ఇన్, జో బాట్స్ ఆర్మ్‌లో రాళ్ళ మీద సన్నటి కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి హోటల్. 29 గదులు, 2013లో తెరిచారు, ఈ ఊరి పిల్లే జీటా కాబ్ బయట టెక్ కంపెనీలో బాగా సంపాదించుకుని వచ్చి అన్నదమ్ములతో షోర్‌ఫాస్ట్ అనే సంస్థ పెట్టి కట్టించింది. రాత్రికి రెండు వేల డాలర్ల పైనే. మేం బయట నిలబడి ఫోటో తీసుకుని, మా 150 డాలర్ల గదికి పోయాం. వాళ్ళ షాపులో బొంతలు, కుర్చీలు ఊరివాళ్ళు చేసినవే, ఒక్కోదానికి చీటీ ఉంటుంది, కూలికి ఎంత శాతం, సరుకుకి ఎంత, మిగులు ఎంత, ఆ మిగులు ఎక్కడికి పోతుంది అని. అత్తయ్య గారు ఆ చీటీని రెండుసార్లు చదివించుకున్నారు. ఉప్పాడ జాంధానీ చీర మీద ఇలాంటిది పెడితే నేతగాడికి ఎంత, షాపువాడికి ఎంత అని తెలిసిపోను అన్నారు. ఇన్‌కి వచ్చిన మిగులు ఊరి పనులకే పోతుందంటారు, బాగుంది. అద్దె ఇళ్ళు దొరక్క పనికొచ్చే కుర్రాళ్ళకి ఉండటానికి చోటు లేదని కూడా అక్కడే విన్నాను.

కానీ ఫోగో నిలబడింది ఇన్ వల్ల కాదు, అది ఈ మధ్య వచ్చింది. అసలు కథ 1967. అప్పట్లో ప్రభుత్వం మారుమూల ఊళ్ళని ఖాళీ చేయించి పెద్ద ఊళ్ళకి తరలిస్తోంది, మొత్తమ్మీద దాదాపు 300 ఊళ్ళు, 30 వేల మంది అలా లేచిపోయారు. ఫోగోకీ ఆ వంతు వచ్చింది. నేషనల్ ఫిల్మ్ బోర్డ్ నుంచి కోలిన్ లో అనే ఆయన వచ్చి ఊరి జనం మాట్లాడుకునేదంతా తీసి, ఒక ఊరివాళ్ళది ఇంకో ఊరివాళ్ళకి చూపించాడు. మతాలు వేరు, ఊళ్ళ మధ్య మాటల్లేవు, తెర మీద చూసుకున్నాక అందరి గోడూ ఒకటే అని తేలింది. వెళ్ళం అని కూర్చుని కోఆపరేటివ్ పెట్టుకున్నారు, పెద్ద పడవలు సొంతంగా కట్టుకున్నారు, షావుకార్లు వదిలేసిన ప్లాంట్లు నడుపుకున్నారు. పాతికేళ్ళ తర్వాత కాడ్ ఆగిపోతే ఆ ప్లాంట్లలోకే పీత వచ్చింది, రొయ్య వచ్చింది.

కోఆపరేటివ్ సభ్యుడొకాయనతో రేవులో గంటసేపు మాట్లాడాం. మీటింగులంటే కొట్లాటలేనట, ఏ ప్లాంటుకి ఏ చేప, ఎవరికి ఎన్ని గంటలు పని అని. కంపెనీ అయితే ఎప్పుడో రెండు ప్లాంట్లు మూసేసేది, ఇక్కడ మూద్దాం అన్నవాడు రేపు చర్చిలో అందరి మొహాలూ చూడాలి కదా అన్నాడు. అంతా బాగుందని చెప్పలేదు ఆయన. లైసెన్సు ధరలు కుర్రాళ్ళకి అందనంత పెరిగాయి, కూతురు అల్బెర్టాలో ఉంది, ద్వీపం మొత్తం కలిపి రెండు వేల పైచిలుకు జనం. కాడ్ మీద నిషేధం ఎత్తేసినందుకు ఆయనకి పెద్ద ఆశలూ లేవు. మొత్తం తిరిగాక నాకు కనపడ్డ తేడా ఇదే, పోర్ట్ యూనియన్‌లో షెడ్డు వేరేవాళ్ళదైంది, ఇక్కడ అవ్వలేదు. పరిహారం చెక్కు రెండు చోట్లకీ ఒకేలా వచ్చింది.

టిల్టింగ్‌లో ఒక పెద్దావిడ ఇంటి ముందు కర్రల పందిరి మీద ఉప్పు చేప ఎండబెడుతోంది. కడుపు కోసి విప్పిన కాడ్, ఒక్కోటి విసనకర్రంత. పొద్దు వాలుతోందని తోలు పైకి వచ్చేలా ఒక్కొక్కటీ తిరగేస్తోంది, మంచు మాంసం మీద పడకుండా. అత్తయ్య గారు అడక్కుండానే రెండో వైపు నుంచి తిరగెయ్యడం మొదలుపెట్టారు. మధ్యలో ఓ చేప మందంగా ఉన్నచోట బొటనవేలితో నొక్కి చూసి, గుంట పడింది, తల అడ్డంగా ఊపారు. ఆ పెద్దావిడ కూడా వచ్చి అక్కడే నొక్కి, "టూ మోర్ డేస్" అని రెండు వేళ్ళు చూపించింది. అత్తయ్య గారు మూడు చూపించారు. కాసేపు వాదించుకున్నారు, ఒకరిది తెలుగు, ఒకరిది ఐరిష్ యాస, మేం మధ్యలోకి వెళ్ళలేదు. వెళ్ళేటప్పుడు ఎండినవి రెండు పేపర్లో చుట్టి ఇచ్చింది, డబ్బులిస్తే తీసుకోలేదు, మా దగ్గరున్న కారం పొడి మాత్రం తీసుకుంది.

జూలై 13, శనివారం: గాండర్

ఫ్లైటుకి టైముంది, అత్తయ్య గారు ఎయిర్‌పోర్టులో తమ్ముడికి ఫోన్ చేశారు. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం అయ్యాక వేటకి వెళ్ళాడు, డీజిలు ఖర్చు రావట్లేదక్కా అంటున్నాడు స్పీకర్లో. ఇన్నాళ్ళూ నిషేధం రోజులకి 10 వేలిచ్చారు, మొన్న ఎన్నికల్లో 20 వేలన్నారు, చూడాలి అన్నాడు. ఈవిడ ఫోగో సంగతి మొత్తం చెప్పారు, ప్లాంటు జాలర్లదేనట, ధర మాట్లాడుకునేది వాళ్ళేనట, నువ్వూ పదిమందీ కలిసి ఐసు ప్లాంటైనా పెట్టుకోండ్రా అని. అటువైపు కాసేపు ఏం వినపడలేదు. తర్వాత "సొసైటీ మనకీ ఉందిగా అక్కా, వలల సబ్సిడీకి సంతకం పెట్టడానికి వెళ్తాం, మళ్ళీ ఏడాది దాకా తాళమే. ముందు షావుకారు అప్పు తీర్చేవాడెవడు? తీర్చకుండా వేరే కాటాకి వేస్తే రేపు బోటు రిపేరుకి ఎవడిస్తాడు?" అన్నాడు. ఈవిడ "అదీ నిజమే" అన్నారు కానీ వదల్లేదు, బోర్డింగ్ పిలిచేదాకా ఎంతమంది కలుస్తారు, ఎవరెవరు కలవరు అని పేర్లతో సహా లెక్కేస్తూనే ఉన్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. అద్దె కారు చాలా ముందే పెట్టుకోండి, వేసవిలో దొరకవు, రోజుకి 100 డాలర్లు దాటుతుంది. చీకటిపడ్డాక నడపకండి, దుప్పులు నిజంగానే రోడ్డు మీదకి వస్తాయి. శాకాహారులకి చిన్న ఊళ్ళలో బంగాళాదుంపే దిక్కు, కిచెన్ ఉన్న గది చూసుకుని కుక్కర్ పట్టుకెళ్ళండి. ఫోగోకి కనీసం రెండు రాత్రులు ఉంచుకోండి, ఫెర్రీ గాలికి ఆగిపోతే ప్లానంతా పోతుంది. ఉప్పు చేప కొంటే ఒక రాత్రంతా నానబెట్టి, నీళ్ళు రెండుసార్లు మార్చి వండండి, మేం వంకాయ వేసి పులుసు పెట్టాం, అప్పటికీ ఉప్పెక్కువే అయింది.